పది నాణేల పంపకం

ఓసియోలా మెకార్టీ వాషింగ్ మెషీన్ వాడి చూశారు. నచ్చలేదు. 1960ల నాటి సంగతి ఇది. మెషీన్ బట్టల్ని సరిగా జాడించడం లేదనీ, డ్రయ్యర్‌లో వేస్తే తెల్లబట్టలు పసుపు పడుతున్నాయనీ తేల్చుకుని, ఆ యంత్రాలను పక్కనపెట్టి మళ్లీ పెరట్లోకి వెళ్లి నల్లటి ఇనప కాగు కింద పొయ్యి రాజేశారు. అమెరికా దక్షిణాన మిసిసిపీ రాష్ట్రంలో హాటీస్‌బర్గ్ ఆమె ఊరు. అప్పటికే నలభై ఏళ్లకు పైగా ఊళ్లోవాళ్ల బట్టలు ఉతుకుతున్న చేతులవి. ఏది శుభ్రమో, ఏది శుభ్రంగా కనిపించేదో ఆ చేతులకు యంత్రం చెప్పనక్కర్లేదు.

1995 జులైలో ఆమె పేరు దేశమంతా వినపడింది. కూలికి బట్టలుతికి బతికిన 87 ఏళ్ల ఈ నల్లజాతి స్త్రీ తను కూడబెట్టినదాంట్లోంచి 1,50,000 డాలర్లు ఊళ్లోని సదరన్ మిసిసిపీ విశ్వవిద్యాలయానికి ఇస్తున్నారని తెలిసింది. ఆగస్టులో న్యూయార్క్ టైమ్స్ ఆమె గురించి రాసింది. ఆ ఏడే అధ్యక్షుడు క్లింటన్ ప్రెసిడెన్షియల్ సిటిజెన్స్ పతకంతో గౌరవించారు. మరుసటి ఏడు హార్వర్డ్ గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. ఆమె కథ చెప్పినవాళ్లలో ఎక్కువమంది డబ్బు మొత్తం దగ్గరే ఆశ్చర్యపోయి ఆగిపోయారు. నన్ను పట్టుకున్నది మాత్రం ఆ దానం తయారైన తీరు. నేర్పరి చేసిన కుర్చీని తిరగేసి అతుకులు చూస్తాం కదా, ఈ దానాన్ని అలా తిరగేసి చూడాలనిపిస్తుంది. ఎక్కడ చూసినా పని తెలిసిన చెయ్యి కనిపిస్తుంది.

ముందు ఉతుకు సంగతి. పొద్దున్నే కాగు కింద మంట పెట్టేవారు. నీళ్లు దగ్గర్లోని ఫైర్ హైడ్రెంట్ నుంచి వచ్చేవి. మూటలోని బట్టల్ని నానబెట్టి, ఉతికి, కాగులో మరగబెట్టడం మొదటి విడత. తరవాత తీసి పలక మీద రుద్దడం, జాడించడం, మళ్లీ రుద్దడం, గంజి పెట్టడం, దండెం మీద ఆరేయడం. రుద్దడానికి మెయిడ్‌రైట్ అనే రకం గీతల పలకే కావాలి, ఇంకొకటి పనికిరాదు. దండెం వంద అడుగుల పొడవు. అది నిండాక ఇంకో విడత. పగలంతా ఉతుకు, సాయంత్రం నుంచి రాత్రి పదకొండు దాకా ఇస్త్రీ. 1996లో తన పేరుతో వచ్చిన చిన్న పుస్తకంలో ఆమె ఈ వరసను చెబుతుంటే, పని మీద విసుగన్నది ఎక్కడా కనిపించదు. ఒక్కో అడుగునూ దాని పేరుతో, దాని చోట్లో పెట్టి చెబుతారు.

ఇందులో జాడింపు గురించి కాస్త ఆగి చెప్పాలి. మురికి వదిలిన బట్ట కంటికి శుభ్రంగానే ఉంటుంది. కానీ సబ్బులోని క్షారం నూలు పోగుల మధ్య మిగిలిపోతే ఇస్త్రీ పెట్టె వేడి తగిలినప్పుడు అక్కడ పసుపు పడుతుంది. గంజి సమంగా పట్టదు. చొక్కా మెడపట్టీ నాలుగు ఉతుకులకే పాతబడిపోతుంది. కాబట్టి మురికి పోయిందని కంటికి తెలిశాక కూడా నీళ్లు మార్చి మార్చి జాడించాలి. చూసేవాడికి అది అనవసరపు చాకిరీలా ఉంటుంది. బట్ట వేసుకున్నవాడికి ఆర్నెల్ల తరవాత గానీ ఫలితం తెలియదు, తెలిసినా దాన్ని ఉతుకుకు ముడిపెట్టి ఆలోచించడు. కనపడని మలినాన్ని, ఎవరూ అడగకపోయినా, పోయేదాకా తీయడమే ఈ పనిలో అసలు పనితనం. వాషింగ్ మెషీన్‌ను ఆమె కాదన్నది ఈ కారణానికే. పాతకాలపు మొండితనం కింద దాన్ని కొట్టిపారేయడం నాకు అన్యాయంగా తోస్తుంది. ఆ రోజుల్లో ఆ యంత్రం ఎక్కడ తక్కువ చేస్తోందో వేలు పెట్టి చూపించగలిగారు ఆమె.

ఒక కుటుంబం వారం రోజుల బట్టలు ఒక మూట. మొదట్లో మూటకు డాలరున్నర, రెండు డాలర్లు ముట్టేవి. రెండో ప్రపంచ యుద్ధం తరవాత కూలి పెరిగి పది డాలర్ల దాకా వచ్చింది. ఇళ్లల్లో పనిచేసేవాళ్లకు, పొలం కూలీలకు 1935 నాటి సోషల్ సెక్యూరిటీ చట్టం వర్తించలేదు. దక్షిణాదిలో నల్లవాళ్లు ఎక్కువగా చేసింది ఆ రెండు పనులే. ముసలితనానికి ప్రభుత్వం పెట్టే ముద్ద లేదని తెలిసిన మనిషికి పొదుపు ఎంత అవసరమో చెప్పనక్కర్లేదు.

ఆ పొదుపు చాలా చిన్నప్పుడే మొదలైంది. ఓసియోలా 1908లో పుట్టారు. అమ్మమ్మ, పిన్ని, తల్లి ఉన్న ఇంట్లో పెరిగారు. బడి నుంచి వచ్చాక ఇస్త్రీ చేసి తెచ్చుకున్న చిల్లరను బొమ్మల బండిలో దాచుకునేవారట. ఆరో తరగతిలో ఉండగా పిన్ని ఆసుపత్రి నుంచి నడవలేని స్థితిలో ఇంటికొచ్చింది. చూసుకునేవాళ్లు కావాలి. ఓసియోలా బడి మానేశారు. పిన్ని కోలుకునేసరికి తోటిపిల్లలు ముందుకెళ్లిపోయారు, వెనక్కెళ్లి చిన్నపిల్లల మధ్య కూర్చోవడానికి మనసొప్పలేదు. ఆ తలుపు అక్కడితో మూసుకుంది. 1944లో అమ్మమ్మ, 1964లో తల్లి, 1967లో పిన్ని పోయారు. పెళ్లి చేసుకోలేదు. 1947లో మామయ్య ఇచ్చిన ఇంట్లోనే కడదాకా ఉన్నారు.

కారు లేదు. ఎక్కడికైనా నడకే. సరుకులకు మైలు దూరం తోపుడు బండి నెట్టుకుంటూ వెళ్లేవారు. కిటికీలో ఏసీ ఉండేది గానీ ఎవరైనా ఇంటికొస్తేనే వేసేవారు. చదివి చదివి పుటలు ఊడిపోతున్న బైబిల్‌ను టేపుతో అతికించి పెట్టుకున్నారు. పత్రికలవాళ్లకు ఈ వివరాలంటే మహా ఇష్టం. నాకు వీటితోపాటు ఇంకొకటి ముఖ్యం. ఆమె బ్యాంకులో వేసినదాన్ని తీయలేదు. వేయడం చాలామంది చేస్తారు. తీయకపోవడమే కష్టం. 1947లో వేసిన ఒక డాలరు ఏటా 5 శాతం చొప్పున చక్రవడ్డీతో పెరిగిందనుకుంటే 1995 నాటికి పది డాలర్లు దాటుతుంది. ఇది ఉత్త ఉదాహరణ, ఆమె ఖాతా లెక్క కాదు. కానీ రెండు డాలర్ల మూటలు లక్షల్లోకి ఎలా వెళ్లాయో అర్థం కావడానికి చాలు. జాడింపులాగే ఇదీ కంటికి కనపడకుండా జరిగే పనే.

1994 డిసెంబరులో కీళ్లనొప్పులతో చేతులు మొండికేయగా 86 ఏళ్ల వయసులో ఆమె పని మానేశారు. అప్పటికి ఆమె దగ్గర సుమారు 2,80,000 డాలర్లు ఉన్నాయని పత్రికలు రాశాయి. ఆమె తరవాత ఈ డబ్బు ఏమవుతుందని బ్యాంకువాళ్లు అడిగారు. ఆమె ఎన్నేళ్లుగానో బట్టలుతికి పెట్టిన లాయరు ఒకాయన కాగితాల పనిలో సాయపడ్డారు. ఈ కథలో నాకు అన్నింటికన్నా ఇష్టమైన ఘట్టం అక్కడే, ట్రస్ట్‌మార్క్ బ్యాంకు బల్ల మీద జరిగింది.

ట్రస్టు వ్యవహారాలు చూసే ఆఫీసరు ఆమె ముందు పది డైములు పెట్టారు. డైము అంటే పది సెంట్ల నాణెం. పది కలిస్తే డాలరు. ఒక్కో నాణెం ఆమె ఆస్తిలో పదో వంతు అనుకోమన్నారు. ఎవరెవరికి ఇవ్వాలనుకుంటున్నారో ఆ పేర్లున్న కాగితాల మీద నాణేలు పెట్టమన్నారు. ఆమె ఒకటి తీసి చర్చికి పెట్టారు. ముగ్గురు బంధువులకు తలా ఒకటి. మిగిలిన ఆరూ విశ్వవిద్యాలయానికి.

ఆ బల్ల దగ్గర పనితనం రెండు వైపులా ఉంది. శాతాలు, నిబంధనలు, షరతులు అంటూ చదివి వినిపించి సంతకం పెట్టించుకోవడం బ్యాంకువాళ్లకు తేలిక. ఆరో తరగతితో చదువాగిన మనిషికి, జన్మంతా నాణేల్లో లెక్కచూసిన మనిషికి, లెక్కను నాణేల్లోకే మార్చి చూపించిన ఆ ఆఫీసరు తెలివి మర్యాదతో కూడినది. ఇక ఆమె వైపు చూడండి. మొదటి నాణెం చర్చిది. అది దశమభాగం, క్రైస్తవ కుటుంబాల్లో సంపాదనలో పదో వంతు దేవుడికి పక్కనపెట్టడం. కొత్తగా ఆలోచించాల్సింది అక్కడ ఏమీ లేదు. రక్తసంబంధం మర్చిపోలేదు, కానీ దానికి హద్దు పెట్టారు. ఆపైన మిగిలిన పెద్ద వాటా తను ఎన్నడూ కలవని పిల్లలకు. తడుముకోకుండా పంచడం అంటే అప్పటికప్పుడు వచ్చేది కాదు. ఎన్నో ఏళ్లుగా లోపల అనుకుంటూ ఉన్న వరసే బల్ల మీదికి వచ్చింది.

కాగితం కూడా గట్టిగా రాయించారు. వెనక్కి తీసుకోవడానికి వీల్లేని ట్రస్టు అది. తను బతికున్నంతకాలం ఖర్చులకు దాని మీద వచ్చే రాబడి తనది, తరవాత డబ్బు విశ్వవిద్యాలయానిది. ఆ డబ్బుతో ఆర్థిక ఇబ్బందుల్లో ఉన్న విద్యార్థులకు స్కాలర్‌షిప్పులు ఇవ్వాలి, నల్లజాతి పిల్లలకు ప్రాధాన్యం ఉండాలి. ముసలితనంలో ఒకరి చెయ్యి కిందికి వెళ్లకుండా, ఇచ్చిన మాట ఎవరూ మార్చలేకుండా, డబ్బు దారితప్పకుండా మూడు వైపులా కట్టుదిట్టం చేసిన పని. మంచి మనసుకు చేతులెత్తి మొక్కి ఊరుకుంటే ఈ కట్టుదిట్టం కనపడదు.

ఏ విశ్వవిద్యాలయానికి ఇచ్చారో కూడా తెలుసుకోవాలి. ఆమె ఇంటికి దగ్గర్లోనే ఉన్నా, ఆమె వయసులో ఉండగా నల్లవాళ్లను చేర్చుకోని చోటు అది. క్లైడ్ కెనార్డ్ అనే యువకుడు సైన్యంలో పనిచేసి వచ్చి, హాటీస్‌బర్గ్ పక్కనే కోళ్ల ఫారం నడుపుకుంటూ 1950లలో అక్కడ సీటు కోసం మళ్లీ మళ్లీ ప్రయత్నించాడు. 1959లో ఆ సంస్థ అధ్యక్షుడిని కలిసి బయటికొస్తుండగానే అరెస్టు చేశారు. 1960లో 25 డాలర్ల కోళ్లదాణా దొంగతనంలో పాత్ర ఉందని అబద్ధపు కేసు పెట్టి ఏడేళ్ల జైలు వేశారు. పార్చ్‌మన్ జైల్లో క్యాన్సర్ ముదిరింది. చివరి దశలో వదిలిపెట్టారు. 1963 జులై 4న చనిపోయాడు. అతను నిర్దోషి అని కోర్టు తేల్చింది 2006లో. ఆ విద్యాసంస్థ తొలి నల్లజాతి విద్యార్థులను చేర్చుకున్నది 1965లో. అప్పటికి ఓసియోలాకు 57 ఏళ్లు.

తలుపు మూసిన చోటికే డబ్బు పంపడాన్ని క్షమ అని పొగిడినవాళ్లున్నారు. ఆ మాట నాకు సరిపోయినట్టు అనిపించదు. ఆమె డబ్బు భవనానికి వెళ్లలేదు, అధికారులకు వెళ్లలేదు. ఆ తలుపులోంచి ఇప్పుడు లోపలికి వెళ్తున్న నల్లపిల్లల ఫీజుకు వెళ్లింది. తెరుచుకున్న తలుపు మళ్లీ డబ్బులేమి వల్ల మూసుకోకుండా అడ్డుపెట్టిన చెక్క అది.

ఇలా ఉన్న కొద్దిలోంచే ఇచ్చే పద్ధతి ఆమెతో పుట్టలేదు. అమెరికా నల్లజాతి జీవితంలో ఇవ్వడం అనేది కలిగినవాళ్లు మిగిలింది పంచే వ్యవహారంగా మొదలవలేదు. 1787లో ఫిలడెల్ఫియాలో రిచర్డ్ అలెన్, అబ్సలోమ్ జోన్స్ స్థాపించిన ఫ్రీ ఆఫ్రికన్ సొసైటీలో సభ్యులు నెలకు ఒక షిల్లింగు కట్టేవారు. ఆ డబ్బు జబ్బుపడ్డవాళ్లకు, భర్త పోయిన ఆడవాళ్లకు, తండ్రి లేని పిల్లలకు. బానిసత్వం ఇంకా దేశంలో చాలా చోట్ల ఉన్న రోజులవి. ఆ తరవాత వందేళ్లలో దక్షిణాదిలో ఎన్నో ఊళ్లలో ఇలాంటి సంఘాలు, చర్చి నిధులు, చావు ఖర్చుల చీటీలు లేచాయి.

వీటిల్లో బట్టలుతికే ఆడవాళ్ల పాత్ర నేను చదివినకొద్దీ పెద్దదవుతూ పోయింది. 1881 జులైలో అట్లాంటా నగరంలో ఇరవై మంది ఉతికే స్త్రీలు ఒక చర్చిలో చేరి సంఘం పెట్టారు. పన్నెండు పౌండ్ల బట్టలకు ఒక డాలరు ఇవ్వాలని పట్టుబట్టి పని ఆపారు. మూడు వారాల్లో మూడు వేలమంది అయ్యారు. ఉతుకు పనికి ఏటా 25 డాలర్ల లైసెన్సు ఫీజు పెడతామని నగరసభ బెదిరిస్తే, ఫీజు కడతాం, రేటు మాత్రం మేమే పెడతాం అని మేయరుకు ఉత్తరం రాశారు. రిచ్‌మండ్‌లో మ్యాగీ లీనా వాకర్ తల్లి బట్టలుతికి పిల్లల్ని పెంచింది. ఉతికిన మూటల్ని ఇంటింటికీ చేరవేసింది చిన్నారి మ్యాగీ. ఆ పిల్లే పెద్దయ్యాక 1903లో సెయింట్ ల్యూక్ పెన్నీ సేవింగ్స్ బ్యాంకు తెరిచి, అమెరికాలో బ్యాంకు స్థాపించి అధ్యక్షురాలైన తొలి నల్లజాతి స్త్రీ అయ్యారు. పేరులోనే పెన్నీ ఉంది. సెంట్లు తెచ్చే ఉతుకు కూలీల్లాంటివాళ్ల కోసం పెట్టిన బ్యాంకది. జుట్టు సంరక్షణ సరుకుల వ్యాపారంతో సంపన్నురాలై, 1911లో ఇండియానాపోలిస్ నల్లజాతి వైఎంసీఏ భవనానికి వెయ్యి డాలర్లు ఇచ్చిన మేడమ్ సి.జె. వాకర్ కూడా అంతకుముందు సెయింట్ లూయిస్‌లో ఏళ్ల తరబడి బట్టలుతికినావిడే.

ఇదే వరసలో రోజెన్‌వాల్డ్ బడుల గురించి ఒక్క మాట. 1912 నుంచి 1932 వరకు దక్షిణాది పల్లెల్లో నల్లపిల్లల కోసం ఐదు వేల దాకా బడులు లేచాయి. సియర్స్ కంపెనీ అధిపతి జూలియస్ రోజెన్‌వాల్డ్ పేరే వాటికి మిగిలింది. లెక్కలు తీస్తే ఆయన నిధి నుంచి వచ్చినదాని కంటే ఊళ్లలోని నల్లవాళ్లు వేసుకున్న చందాలు కాస్త ఎక్కువే. అప్పటికే పన్నులు కట్టి, ఆ పన్నులతో తెల్లవాళ్ల బడులు నడవడం చూస్తూ, మళ్లీ తమ జేబులోంచి తీసి ఇచ్చారు. డబ్బు లేనివాళ్లు స్థలం ఇచ్చారు, కలప ఇచ్చారు, గోడలు కట్టారు. దాత అనే మాట వినగానే ఒక్క పేరు వెతుక్కునే అలవాటు వల్ల ఈ వేలమంది కనపడకుండా పోయారు.

అందుకే ఓసియోలా మెకార్టీ గురించి చెప్పేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం అనిపిస్తుంది. బట్టలుతికి లక్షలు కూడబెట్టిందంటే మీరెందుకు కూడబెట్టలేరని పేదవాళ్ల మీదికి ఈ కథను విసిరేవాళ్లు ఉంటారు, అప్పుడూ ఉన్నారు. వారానికొక కుటుంబపు మైలంతా తీసినందుకు రెండు డాలర్లు ఇవ్వడం అన్యాయం. ఆ అన్యాయం ఆమె మంచితనం వల్ల న్యాయం అయిపోదు. ఆమెకు పిల్లలు లేరు, ఇల్లు మామయ్య ఇచ్చారు, ఒంట్లో డెబ్బయ్యేళ్లకు పైగా పని చేసే శక్తి ఉంది. పక్కింట్లో అదే కూలి చేసి నలుగురు పిల్లల్ని సాకిన స్త్రీ ఎంత దాచగలదు? ఆ స్త్రీ పొదుపు పిల్లల అన్నంలోకి వెళ్లింది. అదీ దానమే, కాకపోతే దానికి ట్రస్టు కాగితం లేదు.

వార్త బయటికొచ్చాక హాటీస్‌బర్గ్ వ్యాపారులు ఆమె ఇచ్చినంత మొత్తమూ తామూ పోగుచేస్తామని ముందుకొచ్చారు. దానివల్ల ఆమె తదనంతరం దాకా ఆగకుండా ఆ ఏడు నుంచే స్కాలర్‌షిప్పు మొదలైంది. మొదటి వెయ్యి డాలర్లు హాటీస్‌బర్గ్ అమ్మాయికే దక్కాయి. ఆ అమ్మాయి, ఆమె కుటుంబం ఓసియోలాకు దగ్గరయ్యారు. ఎక్కడెక్కడినుంచో ఆరువందల మందికి పైగా దాతలు మరో 3,30,000 డాలర్లు ఆ నిధికి జోడించారు. సీఎన్ఎన్ వ్యవస్థాపకుడు టెడ్ టర్నర్ 1997లో ఐక్యరాజ్యసమితి పనులకు వంద కోట్ల డాలర్లు ప్రకటించినప్పుడు, ఆయన్ను కదిలించినవాళ్లలో ఈమె పేరు కూడా వినపడింది. బదులుగా ఏం కావాలని విశ్వవిద్యాలయం అడిగితే ఆమె విగ్రహం అడగలేదు. తన డబ్బుతో చదివినవాళ్లు పట్టా పుచ్చుకునే రోజు అక్కడ ఉండాలని ఉందన్నారు. 1998లో ఆ విశ్వవిద్యాలయం ఆమెకే గౌరవ పట్టా ఇచ్చింది, అది అప్పటివరకు ఎవరికీ ఇవ్వలేదు. మరుసటి ఏడు సెప్టెంబరు 26న కాలేయ క్యాన్సర్‌తో ఆమె కన్నుమూశారు. ఆ రోజు నుంచి ట్రస్టులోని ఆరు నాణేల వాటా, రాసిన షరతు ప్రకారం, విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది.